తోడేలుకి జబ్బు చేస్తే దూరం నుంచే గుర్తుపట్టడం ఎలా

విశాఖ మధురవాడలో మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు, ఆదివారం పొద్దున్నే పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో నడకలకి వెళ్లే బృందాలవాళ్లు నాకు ఫోన్లో ఫొటోలు పంపుతుంటారు. బొచ్చు ఊడిన నక్క, కాలిబాట మధ్యలో మలం, పొదలో ఏదో కళేబరం. కింద ఒకటే ప్రశ్న: "డాక్టరుగారూ, దీనికేమైంది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను పశువుల డాక్టర్ని. సర్వీసు మొదట్లో కర్నూలు, అనంతపురం వైపు మెట్ట ఊళ్లలో చేశాను, చివర్లో ఇక్కడ ఆనందపురం, పద్మనాభం మండలాల్లో. తోడేళ్లని చూసింది కర్నూలు వైపే, రోళ్లపాడు గడ్డిబీళ్లలో గొర్రెల మందల వెనకాల. విశాఖ చుట్టుపక్కల మీకు కనిపించేది దాదాపు ఎప్పుడూ నక్కే. అయినా ఇక్కడ రాసేది మీకూ పనికొస్తుంది. తోడేలుకి వచ్చే జబ్బులు ఇంచుమించు అన్నీ నక్కకీ వస్తాయి, మీ వీధికుక్కకీ వస్తాయి. మూడూ ఒకే కుటుంబం. ఆ సంగతి జనానికి ఎక్కడం లేదు. అడవి జంతువు జబ్బు అడవిలోనే పుట్టిందనుకుంటారు. నేను చూసినంతలో అది ఊళ్లోంచి నడిచి వెళ్లిందే ఎక్కువ.

మొదటి నియమం, దీనికి మినహాయింపు లేదు: దేన్నీ ముట్టుకోవద్దు. బతికున్నదాన్నీ, చచ్చినదాన్నీ, దాని మలాన్నీ. జబ్బు భయం ఒకటైతే, చట్టం రెండోది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చచ్చిన తోడేలు గోరు జేబులో వేసుకున్నా కేసే. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరాలు కట్టడమూ కుదరదు. బైనాక్యులర్స్, జూమ్ ఉన్న కెమెరా, నోటుబుక్కు, ఒక స్కేలు, ఇవి చాలు.

గజ్జి

నాకొచ్చే ఫొటోల్లో ఎక్కువ ఇవే. ఫొటో తీసేటప్పుడు ముఖం కోసం ఆరాటపడకండి. జంతువు పక్క నుంచి, నిలువెల్లా కనిపించాలి, వీలైతే రెండు పక్కలా. నేను చూసేది మోచేతులు, చెవి అంచులు, తోక. గజ్జి పురుగు కంటికి కనపడదు, చర్మంలోకి తొలుచుకుపోయి అక్కడే గుడ్లు పెడుతుంది. బొచ్చు పల్చగా ఉండే చోట్లే దానికి ఇష్టం. వాట్సాప్‌లో పంపేవాళ్లు డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫొటోగా పంపితే మోచేతి దగ్గర పొలుసులు నాకు కనపడవు.

మార్చి నుంచి మే దాకా వచ్చే ఫొటోల్లో చాలావాటికి జబ్బే లేదు. అది చలికాలపు బొచ్చు వదిలించుకోవడం. అప్పుడు బొచ్చు పాయలుపాయలుగా వేలాడుతుంది, రెండు పక్కలా ఒకే తీరుగా ఊడుతుంది, ఊడినచోట పొట్టి కొత్త వెంట్రుకలు మెరుస్తుంటాయి. గజ్జిలో వెంట్రుకల బదులు చర్మమే కనిపిస్తుంది: బూడిదరంగులో, మందంగా, ముడతలు పడి, పొలుసులు కట్టి. తోక చివరిదాకా బోడి అయిపోతుంది. జంతువు నాలుగడుగులు వేసి ఆగి గోక్కుంటుంది. మెడ, భుజాల మధ్య మాత్రమే వెంట్రుకలు తెగి చింపిరిగా ఉంటే పేలు కూడా కావచ్చు. ఏదీ తేలకపోతే అనుమానం అనే రాయండి, పేరు పెట్టకండి.

ఎంత ఊడిందో చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కువాళ్లు తోడేళ్ల గజ్జిని మూడు తరగతులుగా లెక్కగడతారు. ఒంటిమీద బొచ్చు 5 శాతం లోపు పోతే మొదటిది, 6 నుంచి 50 దాకా రెండోది, సగానికి మించితే మూడోది. మీరూ అలాగే రాయండి. "బాగా ఊడింది సార్" అని రాస్తే నెల తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. దాంతోపాటు గుంపులో మొత్తం ఎన్ని, గజ్జి ఉన్నవెన్ని అన్నదీ రాయండి. అక్కడి లెక్కల్లో తేలిందేమిటంటే, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న తోడేళ్లు ఎక్కువగా ఉంటే గజ్జి పట్టిన తోడేలు కూడా నెగ్గుకొస్తుంది. వేట పంచిపెట్టే తోడు ఉందన్నమాట. ఒంటరిగా ఉన్నదాని పరిస్థితి వేరు.

ఈ గజ్జికి అక్కడ ఒక పాపిష్టి చరిత్ర ఉంది. 1905లో మోంటానా రాష్ట్రం చట్టం చేసి మరీ, పట్టుకున్న తోడేళ్లకి గజ్జి అంటించి మళ్లీ వదిలేయించింది, మిగతావాటికీ అంటుకుని చస్తాయని. ఆ పని చేయించింది పశువుల డాక్టర్ల చేతనే. తర్వాత ఎల్లోస్టోన్‌లో తోడేలన్నదే లేకుండా పోయింది. 1995-96లో కెనడా నుంచి 31 తోడేళ్లని తెచ్చి వదిలారు. 2007కల్లా పార్కు లోపలి గుంపుల్లో గజ్జి బయటపడింది. ఆనాడు మనుషులు అంటించిన పురుగు సంతతే ఇదని అక్కడివాళ్ల అనుమానం.

మన దగ్గరా అత్యుత్సాహం తక్కువేమీ కాదు. "కోడిమాంసంలో గజ్జి మందు ఐవర్‌మెక్టిన్ కలిపి పెడదామా అంకుల్" అని ఒకబ్బాయి అడిగాడు. వద్దు నాన్నా. దాన్ని ఏ జంతువు తింటుందో, ఎంత తింటుందో నీకు తెలియదు. పైగా మనిషి వాసనకి తిండి దొరుకుతుందని నక్కకి నేర్పినవాడివవుతావు. వైద్యం చెయ్యాలా వద్దా అన్నది అటవీశాఖ డాక్టర్లు తేల్చాల్సిన సంగతి.

నడక, నోరు, కళ్లు

పగలు కనబడిన తోడేలుకల్లా పిచ్చి ఉందనుకోకండి. పిల్లలున్న తల్లి పగలూ వేటకి తిరుగుతుంది. రేబిస్ పట్టినదాని తీరు వేరు. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, వెనక కాళ్లు తూలుతాయి, మనిషంటే బెదురు పోతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, అది ఆకలితో రాదు. మనిషి, గేదె, కుక్క, ఏది ఎదురైతే దాన్ని కొరికి, తినకుండా ముందుకెళ్లి ఇంకొకరిని కొరుకుతుంది. ఒకే పూటలో వరసగా ఎంతోమందికి కాట్లు పడ్డాయంటే ముందు అనుమానించాల్సింది రేబిస్‌నే. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో పసిపిల్లల్ని ఎత్తుకుపోయిన ఘటనల తీరు ఇది కాదు. తిండి కోసం వచ్చే జంతువు చప్పుడు లేకుండా ఒక్కరిని పట్టుకుపోతుంది. రెంటినీ కలిపి మాట్లాడితే ఊళ్లో టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ ఉంది. మొదట కళ్లకి పుసి, ముక్కు కారడం, దగ్గు. తర్వాత మెదడుకి ఎక్కితే నోట్లో ఏమీ లేకపోయినా నములుతూ ఉంటుంది, ఒళ్లు అదురుతుంది, దారీతెన్నూ లేకుండా తిరుగుతుంది. ఈ దశలో దీన్నీ రేబిస్‌నీ దూరం నుంచి చూసి విడదీయడం ఎవరి తరమూ కాదు. చచ్చాక మెదడు ముక్క ల్యాబ్‌కి వెళ్తేనే తేలుతుంది. అందుకని అనుమానం వస్తే రేబిస్ అనే లెక్కేసుకుని వెనక్కి తగ్గండి, కుక్కల్ని కట్టేయమని ఊళ్లో చెప్పండి.

కాటు పడితే సబ్బు పెట్టి, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే అయిపోయిందనిపిస్తుంది. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. అదే రోజు విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గరున్న ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. చర్మం తెగిన కాటుకి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా పడాలి, మీరే అడగండి. "పది రోజులు ఆ జంతువు బతుకుతుందో లేదో చూద్దాం" అన్న లెక్క పెంపుడు కుక్కకీ పిల్లికీ మాత్రమే. తోడేలు, నక్క, ముంగిస కరిస్తే ఎదురుచూడటం లేదు.

మలం దగ్గర ఏం చూడాలి

తోడేలు తన మలాన్ని దాచదు. దారులు కలిసేచోట, గట్టు మీద, నలుగురికీ కనపడేలా వదులుతుంది. దాని భాషలో అది బోర్డు. వెంట్రుకలు మెలికలు తిరిగి, ఎముక ముక్కలతో, చివర సన్నగా ఉంటుంది. నక్కదాంట్లో రేగుగింజలూ కనిపిస్తాయి. మందం రెండున్నర సెంటీమీటర్లు దాటితే తోడేలు అనుకోవచ్చు గానీ పెద్ద ఊరకుక్కదీ అంతే ఉంటుంది, కాబట్టి చుట్టుపక్కల పాదముద్రలు చూడకుండా తీర్మానించకండి.

పక్కన స్కేలు పెట్టి, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి ఫొటో తీయండి. కర్రతో కూడా కెలకొద్దు. పైపైన చూస్తేనే కొన్ని తెలుస్తాయి. తెల్లటి చదును ముక్కలు అంటుకుని ఉంటే బద్దెపురుగు. తాజాగా ఉన్నప్పుడు కదులుతాయి, ఎండితే దోసగింజల్లా ఉంటాయి. తెల్లగా, పొడవుగా, రెండు చివరలా సన్నబడిన పురుగులైతే ఏలికపాములు, పిల్లల్లో ఎక్కువ. తారులా నల్లగా ఉంటే లోపల రక్తం పోతున్నట్టు, కొంకిపురుగుల్ని అనుమానించాలి. గుహ దగ్గర ఎర్రటి నెత్తుటి విరేచనం, భరించలేని కంపు ఉన్నాయంటే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకండి.

భయపడాల్సింది మాత్రం కంటికి కనపడనిదానికి. ఎకినోకాకస్ అని ఒక బుల్లి బద్దెపురుగు ఉంది. పెరిగినదాని పొడవు కొన్ని మిల్లీమీటర్లే. తోడేలు పేగులో హాయిగా ఉంటుంది, దానికి పెద్దగా హాని చెయ్యదు. గుడ్లు మలంతో బయటపడి గడ్డిమీదికి చేరతాయి, గొర్రె మేస్తుంది, దాని కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడతాయి. మనిషి నోట్లోకి వెళ్లినా అంతే. తిత్తి ఏళ్లతరబడి నెమ్మదిగా పెరిగి, ఎప్పుడో స్కానింగ్‌లో బయటపడుతుంది. ఈ గుడ్లని మైక్రోస్కోపులో చూసినా మిగతా బద్దెపురుగుల గుడ్ల నుంచి విడదీయలేం, డీఎన్ఏ పరీక్ష కావాలి. ఫార్మలిన్‌లో వేసినా చావవు, స్పిరిట్‌లో వేసినా నమ్మకం లేదు, ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్ చలికి లొంగవు. ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల దగ్గర రోజులతరబడి ఉంచాకే ముట్టుకుంటారు. వేడికి మాత్రం ఓడిపోతాయి, మరుగుతున్న నీళ్లకి చస్తాయి. యూట్యూబ్‌లో పురుగు గుడ్లని ఉప్పునీళ్లలో తేల్చి చూసే పద్ధతి చూసి, నక్క మలం డబ్బాలో పట్టుకొచ్చి పరీక్ష చేస్తామనే కాలేజీ పిల్లలకి నేను ఎందుకు అడ్డం పడతానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

గొర్రె తలకాయ

అసలు తోడేళ్ల జబ్బుల గురించి నాకు ఎక్కువ నేర్పింది తోడేళ్లు కావు, గొర్రెల కాపరులు. రోళ్లపాడు దగ్గర ఒక పెద్దాయన మంద నిలిపి, "సామీ, ఇది మేత మాని ఎడంపక్కకే సుడి తిరుగుతాంది" అని ఒక గొర్రెని చూపించాడు. తల ఒక పక్కకి వంచి, ఒకే చోట గుండ్రంగా తిరుగుతోంది. ఒక కన్ను కనపడటం లేదు. అది బతకదని తేలాక కోసి, పుర్రె తెరిచాం. పైన ఎముక ఒకచోట పల్చబడి గోరుతో నొక్కితే లోపలికి పోతోంది. కింద మెదడుని నొక్కేస్తూ రెండంగుళాల నీటితిత్తి. తిత్తి పొర పల్చగా, లోపలి నీళ్లు కనిపించేంత తేటగా ఉంది. పొర లోపలివైపు తెల్లటి చుక్కలు గుంపులుగుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఆ ఒక్కో చుక్కా ఒక్కో బద్దెపురుగు తల. ఇది పైన చెప్పిన ఎకినోకాకస్ కాదు, మెదడుకెక్కే ఇంకో రకం.

పెద్దాయన తలకాయ తీసి అలవాటుగా మంద కుక్క వైపు విసరబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ తల తింటే కుక్క కడుపులో చుక్కకో పురుగు మొలుస్తుంది. కొన్ని వారాల్లో దాని మలంతో గుడ్లు పడతాయి, అదే బీడులో అదే మంద మేస్తుంది. కుక్క దగ్గర్లేకపోతే తోడేలు తింటుంది. సుడి తిరిగే గొర్రె మందలో వెనకబడుతుంది కాబట్టి తోడేలుకి దొరికేదీ అదే. పురుగు ఎంత లెక్కగా ఏర్పాటు చేసుకుందో చూడండి. కాపరి మాత్రం తోడేలే జబ్బు తెచ్చిందంటాడు. మంద వెంట రాత్రీపగలూ తిరిగే తన కుక్కని లెక్కలోకి తీసుకోడు.

పద్మనాభం, ఆనందపురం వైపు మందలున్న ఊళ్లకి వెళ్తే మీరు చెప్పాల్సింది ఇదే. చచ్చిన గొర్రె తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా కుక్కకి వెయ్యొద్దు. కాల్చాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి. పెట్టే తీరాలంటే అరగంట ఉడకబెట్టి పెట్టాలి. మంద కుక్కలకి ఆరు వారాలకొకసారి బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ మాత్ర పడాలి, బరువుని బట్టి ఎంతో డాక్టరు చెబుతారు. మాత్ర వేసిన రోజూ మర్నాడూ కుక్కని కట్టేసి, దాని మలాన్ని కాల్చేయాలి. ఈ చివరి ముక్క ఎవరూ చెయ్యరు, చెయ్యించడమే కష్టం.

కుక్కల టీకాలు

అమెరికాలో ఐల్ రాయల్ అనే ద్వీపం ఉంది, చుట్టూ పెద్ద సరస్సు. 1980లో అక్కడ 50 తోడేళ్లు. రెండేళ్లు తిరిగేసరికి 14 మిగిలాయి. పార్వో వైరస్ ప్రపంచానికి తెలిసిందే 1978లో. ఎవరో సందర్శకుడు వెంట తెచ్చుకున్న కుక్కతో అది ద్వీపం దాకా వెళ్లిందని అనుకుంటున్నారు. ఇథియోపియాలోని బాలే పర్వతాల్లో ఉండే తోడేలు జాతి మొత్తం ఇప్పుడు 500 లోపే. 1990ల మొదట్లో ఒకసారి, 2003లో మళ్లీ అక్కడ రేబిస్ గుంపులకి గుంపుల్ని తుడిచిపెట్టింది, 2010లో డిస్టెంపర్ వచ్చింది. అన్నీ పశువుల కాపరుల కుక్కల నుంచే. అందుకని అక్కడ ఊరి కుక్కలకి టీకాలు వేస్తూ వచ్చారు, 2018 నుంచి మేకమాంసం ఎరలో టీకా పెట్టి తోడేళ్లకే వేయడం మొదలుపెట్టారు. అదే ఏడాది మన గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చచ్చిపోయాయి, వాటిలో దొరికింది డిస్టెంపర్ వైరస్సే.

కాబట్టి కంబాలకొండ నక్కకి మీరు చెయ్యగల వైద్యం అడవి బయటే ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి చికెన్ దుకాణాల వ్యర్థాలు మూటగట్టి అడవి అంచు రోడ్ల మీద పడేస్తారు. చీకటిపడ్డాక అక్కడికి కుక్కలూ వస్తాయి, నక్కలూ వస్తాయి, ఒకే మూట మీద మూతులు పెడతాయి. ఆ చోట్లు ఫొటోలతో నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఫిర్యాదు చెయ్యండి, మళ్లీమళ్లీ చెయ్యండి. వీధికుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితేనే రేబిస్ గొలుసు తెగుతుంది. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. వీధిలో కుక్కకి అన్నం పెట్టేవాళ్లు దాన్ని ఆ రోజు తీసుకెళ్తే ఎంతో మేలు.

ఉచిత శిబిరంలో పడేది రేబిస్ టీకా మాత్రమే. డిస్టెంపర్, పార్వోలకి సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అనే టీకాలు మన డబ్బుతో వేయించాలి. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల తేడాతో పదహారు వారాలు నిండేదాకా. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక సంస్థవాళ్లు శిబిరానికి తెచ్చిన పెట్టె మూత తీస్తే ఐసు కరిగి గోరువెచ్చటి నీళ్లున్నాయి. నేను వెయ్యనన్నాను, వాళ్లకి కోపమొచ్చింది. మీరూ పెట్టె మూత తీయించి చూశాకే టీకా వేయించండి, మొహమాటపడకండి.

కొండ నడకలకి పెంపుడు కుక్కని తీసుకెళ్లొద్దు. టీకాలన్నీ వేయించినా వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలలతరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కీ శానిటైజర్‌కీ చావదు. జబ్బు కుక్క ఉన్న ఇంటికి వెళ్లివచ్చిన బూట్లతో అడవిలోకి వెళ్లాల్సొస్తే, ముందు మట్టి వదిలేలా కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిపి ఉంచండి.

కళేబరం కనబడితే

దూరంగా నిలబడి ఫొటో తీయండి, లొకేషన్ సేవ్ చేసుకోండి, కుక్కల్ని రానివ్వకండి, అటవీ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. పశువులకి జబ్బయితే 1962కి. ఫోన్ చేసే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. పక్కనే సగం తిన్న గొర్రెనో మేకనో ఉండి, దాని చుట్టూ కాకులు, కుక్కలు కూడా పడిపోయి ఉంటే అది జబ్బు కాదు, విషం. మందలో ఒకటి పోయిన కోపంతో కళేబరం మీద పురుగుమందు చల్లుతారు. పైన చెప్పిన జబ్బులైతే కాకీ కుక్కా ఒకే పూట చావవు. ఈ తేడా ఫోన్‌లోనే చెప్పండి. విషం అనుమానమైతే కడుపు, కాలేయం ముక్కలు చిక్కటి ఉప్పునీళ్లలో వేసి పంపుతారు. రేబిస్ అనుమానమైతే మెదడు ఐసులో వెళ్లాలి, ఎండలో గంటలు గడిస్తే అది పరీక్షకి పనికిరాకుండా పోతుంది. ముందే చెబితే డాక్టరు ఐసుపెట్టెతోనే బయల్దేరతారు.